రెండో గది పేపర్లు

గ్రామర్ టీచరుకి ముక్కు మీద కోపమని ఆసుపత్రిలో అందరూ అనేవారు. ముక్కు మీద ఉండేది కళ్ళజోడు. కోపం ఒళ్ళంతా ఉండేది. ఇవాళ ఎవరికి మూడిందో ఆవిడ తలుపు తోసే తీరులోనే తెలిసిపోయేది. ముందు బెంచీలో కూర్చున్నవాళ్ళు నోటుపుస్తకాలు దగ్గరికి లాక్కునేవారు, వెనక బెంచీవాళ్ళు ముందువాళ్ళ వీపుల చాటుకి జరిగేవారు.

క్లాసు జరిగేది ఆసుపత్రి వెనక, ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసిన గదిలో. బయటి రోగులు కూర్చునే బెంచీలు కాళ్ళు ఊడి పనికిరాకుండా పోతే వాటిని ఈ గదికి తోలేశారు. కిటికీలోంచి చూస్తే లాండ్రీ బాయిలర్ గొట్టం, దాని పక్కన ఆరేసిన తుడుపు గుడ్డలు. మధ్యాహ్నం రెండున్నరకి షిఫ్టు మారగానే వార్డుల్లో, వంటింట్లో, లాండ్రీలో, గేటు దగ్గర పనిచేసేవాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేవారు. ఎంత కడుక్కున్నా బ్లీచింగు వాసన మాత్రం వాళ్ళతోపాటే లోపలికొచ్చేది.

వాళ్ళందరికీ కావలసింది ఒకటే, వార్డు రికార్డుల పోస్టు. కూర్చుని చేసే పని. రిజిస్టర్లన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కనక ఏడాదికోసారి పరీక్ష పెట్టేవారు. యాభై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, ముప్పై మార్కులొస్తే గట్టెక్కినట్టు. అన్నీ ఖాళీలే. ఇక్కడ క్రియ ఏ కాలంలో ఉండాలి, అక్కడ ‘వెన్’ పడుతుందా ‘వైల్’ పడుతుందా, ‘అన్‌టిల్’ పెట్టాలా ‘బిఫోర్’ పెట్టాలా. నలభై అయిదేళ్ళు నిండాయంటే మళ్ళీ రాయనివ్వరు.

“మనం ‘వచ్చి, తిని, పడుకున్నాడు’ అంటే కథ అయిపోతుంది,” అనేది టీచరు డస్టరు బల్లకేసి కొడుతూ. “ఇంగ్లీషువాడికి అలా కుదరదు. ఎప్పుడొచ్చాడు? తింటూ ఉండగా ఏం జరిగింది? పడుకునేసరికి ఏమేం అయిపోయి ఉన్నాయి? అన్నీ వరసగా చెప్పాలి, పోలీసు స్టేషన్లో చెప్పినట్టు.”

గ్రామరు పుస్తకాలంటే ఆవిడకి ఒళ్ళుమంట. ఏ పుస్తకం తీసినా ఒకటే రైలు, ఒకటే స్టేషను. మేము చేరేలోపే రైలు వెళ్ళిపోయింది. “ముప్పై ఏళ్ళుగా వెళ్ళిపోతూనే ఉంది, ఒక్క వెధవా ఎక్కలేదు,” అని పుస్తకం కిటికీలో పడేసేది. “మీ పని మీరు చెప్పండి. మీ చేతుల్లో ఏముందో అది చెప్పండి.”

చెప్పమన్నప్పుడు చెప్పేది దుప్పట్లక్క. లాండ్రీలో పద్దెనిమిదేళ్ళుగా దుప్పట్ల లెక్క చూస్తోంది కనక ఆ పేరు. మూడో బెంచీలో గోడవార కూర్చునేది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కానీ లేచి నిలబడిందంటే వాక్యం ఇస్త్రీ మడతలా వచ్చేది. ఆవిరి వచ్చేలోపే దుప్పట్లన్నీ వేరుచేసేశాం. డ్రమ్ము ఆగేదాకా మూత తీయొద్దు. షిఫ్టు అయ్యేసరికి ఆరువందలు మడతపెట్టేసి ఉంటాను. ‘హాడ్ సార్టెడ్’ దగ్గర తడబాటు లేదు, ‘విల్ హావ్ ఫోల్డెడ్’ దగ్గర నసుగుడు లేదు. ‘అయ్యేసరికి’ అని మనం అనేచోట వాళ్ళు ‘బై ద టైమ్’ అంటారని ఒక్కసారి చెబితే మళ్ళీ చెప్పే పని లేకపోయింది.

ఒకరోజు గేటు కాపలా ఆయన “వెన్ హి విల్ కమ్” అన్నాడు. అది అందరూ చేసే తప్పే. టీచరు ఒంటికాలి మీద లేచింది. “వెన్ పక్కన విల్ రాదని నా గొంతు పోయేలా చెబుతున్నాను. ఎందుకు రాదు? ఎవరైనా చెప్పండి, ఎందుకు రాదు?” గదంతా నేల చూపులు. నిజం చెప్పాలంటే ఎందుకు రాదో ఆవిడకీ అంత బాగా తెలీదు. రాదు అంతే.

దుప్పట్లక్క మెల్లిగా లేచింది. “మేడమ్‌గారూ, మనమూ అంతే కదండీ. ‘రేపు బండి వస్తే దుప్పట్లు ఎక్కిస్తాను’ అంటాం. ‘వస్తే’లో నిన్నా లేదు, రేపూ లేదు. రేపంతా ‘ఎక్కిస్తాను’లోనే ఉంది. వాళ్ళూ రేపుని ఒక్కచోటే పెట్టుకున్నారు, రెండోచోట ఎందుకు దండగని.”

టీచరు “కూర్చో” అంది. మెచ్చుకోవడం ఆవిడ ఒంట్లో లేదు. కానీ మర్నాటినుంచి ప్రతి బ్యాచిలోనూ ఈ మాటే చెప్పింది, బండితో సహా, దుప్పట్లతో సహా, తనే కనిపెట్టినట్టు. ఇలాంటి దొంగతనాన్ని ఎవరూ దొంగతనం అనరు, అదే బాధ.

పరీక్షా ఫలితాలు మెట్ల దగ్గర బోర్డుకి అంటించారు. ఆసుపత్రిలో పరీక్ష రెండు గదుల్లో జరిగేది. మొదటి గదిలో వార్డుల్లో పనిచేసేవాళ్ళు. రెండో గదిలో లాండ్రీ, వంటిల్లు, తుడిచేవాళ్ళు, గేటువాళ్ళు. మొదటి గదిలో ముప్పై నలుగురు రాస్తే ఇరవై రెండుమంది పాసయ్యారు. రెండో గదిలో పంతొమ్మిదిమంది రాస్తే ఒక్కరూ పాసవలేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాలుగేళ్ళుగా ఇంతే. లాండ్రీవాళ్ళకి ఇంగ్లీషు ఎక్కదు, వంటింటివాళ్ళకి ఏదీ ఎక్కదు అని మెట్లెక్కుతూ ఒకరు, దిగుతూ ఒకరు అనుకున్నారు. దుప్పట్లక్క పేరెదురుగా పదమూడు ఉంది. వచ్చే నెలతో ఆమెకి నలభై అయిదు నిండుతాయి. ఇదే ఆఖరిసారి.

ఆ మధ్యాహ్నం టీచరు తలుపు తోసిన చప్పుడుకి కిటికీ అద్దం గలగలమంది.

“పదమూడు!” అంది. “కళ్ళు మూసుకుని గుర్తులు పెట్టినా పన్నెండు వస్తాయి. ఏడాదంతా నేను గొంతు చించుకున్నది ఆ ఒక్క మార్కు కోసమా? హాల్లోకి వెళ్ళగానే నీ బుర్ర ఎక్కడ పారేస్తావమ్మా? వాషింగు డ్రమ్ములోనా?”

మొదటి బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“అన్నీ తెలిసినవే అనిపించాయండీ,” అంది దుప్పట్లక్క.

“నీకు అనిపిస్తే సరిపోతుందా? పేపరు అబద్ధం చెబుతుందా?”

ఆమె క్లాసు అయ్యేదాకా కూర్చుని, దిద్దడానికి నోటుపుస్తకం బల్లమీద పెట్టి, ఎప్పటిలాగే “వెళ్ళొస్తానండీ” అని వెళ్ళిపోయింది. ఇక దిద్ది ఏం లాభమో ఆమెకే తెలియాలి.

ఇంటికి వెళ్ళినా టీచరు కోపం చల్లారలేదు. ఆవిడ భర్త కారు సీట్లకి కవర్లు కుడతాడు. వరండాలో మిషను ముందు కూర్చుని రెక్సిను ముక్కకి అంచు కుడుతున్నాడు. ఆవిడ చెప్పులు విసిరేసిన చోటు చూసి, “ఇవాళ ఎవరయ్యారు?” అన్నాడు.

“ఆ దుప్పట్లావిడ. వచ్చినట్టే ఉంటుంది, పరీక్షలో సున్నా. నా పరువు తీసింది.”

“నీ పరువు నువ్వు రాసిన పరీక్షలో కదా పోవాలి,” అంటూ ఆయన ఆవిడ సంచీలోంచి దుప్పట్లక్క నోటుపుస్తకం తీసుకున్నాడు. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. పేజీలు తిప్పుతూ ఎర్ర సిరా మాత్రం చూశాడు. చాలాసేపు చూశాడు. “ఈ రైటు గుర్తులన్నీ నువ్వు పెట్టినవేనా?”

“ఇంకెవరు పెడతారు?”

“ఇంటూలు వెతికితే పది కూడా లేవు. ఇక్కడ ఇన్ని రైట్లు వచ్చిన మనిషికి అక్కడ పదమూడేంటి? నేను కుట్టిన కవరు ఇంట్లో సరిపోయి బండిలో సరిపోకపోతే బండి మారిందేమో అని చూస్తాను. కస్టమరుని తిట్టను.”

“నీకేం తెలుసు పరీక్షల గురించి!” అని ఆవిడ నోటుపుస్తకం లాక్కుని లోపలికి వెళ్ళింది. అన్నం ముందు కూర్చుంది గానీ సయించలేదు.

మర్నాడు పొద్దున పదింటికల్లా పరీక్షల ఆఫీసులో ఉంది. పరీక్షల ఆఫీసరు అప్పుడే వచ్చి టీ కప్పు మీద మూత తీస్తున్నాడు. ఎప్పుడూ తలుపు వైపు చూడకుండా మాట్లాడే మనిషి. “పేపర్లు చూపించే పద్ధతి లేదండీ మేడమ్,” అన్నాడు.

“పద్ధతి లేకపోతే ఇవాళ పెట్టండి. ఆ పేపరు చూసేదాకా నేను ఈ కుర్చీలోంచి లేవను. రెండున్నరకి క్లాసుంది, దాన్ని కూడా ఇక్కడే పెడతాను. యాభైమంది వస్తారు.”

ఆఫీసరు యాభైమందిని ఆ గదిలో ఊహించుకుని గుమాస్తాని పిలిచాడు. గుమాస్తా పెద్దవాడేం కాదు, మంచివాడే, పని శుభ్రంగా చేస్తాడు. రెండో గది కట్ట విప్పి దుప్పట్లక్క పేపరు తీశాడు. పేపరంటే ఒక్క కాగితం. యాభై వరసలు, వరసకి నాలుగు గుండ్రాలు, సరైన జవాబు అనుకున్న గుండ్రం నల్లగా నింపాలి.

“ఎలా దిద్దావో చూపించు,” అంది టీచరు.

గుమాస్తా సొరుగులోంచి కార్డు తీశాడు. యాభై చిల్లులున్న దళసరి అట్ట. దాన్ని కాగితం మీద పరిస్తే సరైన జవాబుల గుండ్రాలే చిల్లుల్లోంచి కనిపిస్తాయి, నల్లగా ఉన్నవి లెక్కపెడితే మార్కులు. ఆ అట్టని టీచరు ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది. ఆ చిల్లులు ఆవిడ మొగుడు రెక్సినుకి చిల్లులు వేసే పరికరంతో, ఆవిడ చెప్పిన చోటల్లా కొట్టినవి.

నాలుగేళ్ళ కిందట పరీక్షలో కాపీ కొట్టారని గొడవైతే, ఒక్కో గదికి ఒక్కో సెట్టు పేపరు ఇవ్వాలన్నారు. రెండు సెట్లకి రెండు కార్డులెందుకని ఆవిడ తెలివి ఉపయోగించింది. రెండో సెట్టులో ప్రశ్నల వరస చివరనుంచి మొదటికి మార్చింది, జవాబుల వరసలోనూ కుడిఎడమలు తారుమారు చేసింది. అప్పుడు అదే కార్డుని తల కిందకి, కాళ్ళు పైకి వచ్చేలా పెడితే రెండో సెట్టుకి అతికినట్టు సరిపోతుంది. ఆఫీసంతా నోరెళ్ళబెట్టింది. ఆవిడ నెలరోజులు నేల మీద నడవలేదు. ఎటు పైకో కార్డు మీద రాద్దామని భర్త అంటే, “చదువుకున్నవాళ్ళకి ఆ మాత్రం తెలీదా” అని కసిరింది. అప్పటి గుమాస్తాకి చేతిలో పెట్టి చూపించింది. మొదటి పరీక్ష రాకముందే ఆయన్ని మందుల స్టోరుకి మార్చారు. కొత్తవాడికి సొరుగులో కార్డు దొరికింది, ఇదొక్కటే రెండిటికీ అని ఎవరో చెప్పారు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు. ఆవిడా వెళ్ళి చూడలేదు.

గుమాస్తా కార్డుని పుస్తకంలో పేజీ తిప్పినట్టు వెనక్కి తిప్పి కాగితం మీద పరిచాడు. అంచులు కలిశాయి, చిల్లులు గుండ్రాల మీద చక్కగా కూర్చున్నాయి. పెన్సిలుతో లెక్కపెట్టాడు. “చూడండి మేడమ్, పదమూడే.”

పైవరస పైనే ఉంది. కిందవరస కిందే ఉంది. ఒకటో ప్రశ్నకి ఇచ్చిన జవాబుని యాభయ్యో ప్రశ్న జవాబుతో పోల్చి నాలుగేళ్ళుగా మార్కులు వేస్తున్నారు.

టీచరు కార్డు లాక్కుని తల కిందులుగా పెట్టింది. చిల్లులోంచి నలుపు, దాని కింద చిల్లులోంచి నలుపు, దాని కిందా నలుపు. లెక్కపెట్టింది. నమ్మలేక మళ్ళీ పెట్టింది. నలభై రెండు.

చెప్పుతో కొట్టినట్టయింది ఆవిడకి. గుమాస్తా మీద అరుద్దామని నోరు తెరిచింది గానీ, అతనికి చెప్పనిది ఎవరు? తను వెయ్యిసార్లు రైటు కొట్టిన మనిషిని నిన్న యాభైమంది ముందు డ్రమ్ములో బుర్ర పారేశావా అన్నది ఎవరు? అసహ్యం వేసింది, తన మీద తనకే. ఆ అసహ్యం నిమిషంలో మళ్ళీ కోపమై ఆఫీసరు మీదికి తిరిగింది, అదెప్పుడూ ఖాళీగా ఉండదు కదా.

“రెండో గదిలో నాలుగేళ్ళుగా ఒక్కరూ పాసవలేదు. ఒక్కరూ! మీకు అనుమానం రాలేదా?”

“ఆ డిపార్టుమెంట్లవాళ్ళు కదా మేడమ్,” అన్నాడు ఆఫీసరు, టీ తాగుతూ. “సరే, జరిగిందేదో జరిగింది. ఆవిడకి వయసు దాటుతోందంటున్నారు కనక ఆవిడదొక్కటి సరిచేద్దాం. మిగతావాళ్ళు వచ్చే ఏడు ఎలాగూ రాస్తారు.”

“పంతొమ్మిదీ సరిచేయాలి. ఇప్పుడు. నా ముందు.”

“పెద్దది చేయకండి. ఆ కార్డు మీదే కదండీ. ముందు మీ పేరే బయటికొస్తుంది.”

“రానివ్వండి! పెద్ద అక్షరాలతో రాయండి. పక్కన మీ పేరు కూడా నేనే రాస్తాను, నాకు స్పెల్లింగు తప్పులు రావు.”

మధ్యాహ్నానికి పంతొమ్మిదీ దిద్దారు. పన్నెండుమంది పాసు. గుమాస్తా కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే జాబితా రాశాడు. సంతకం పెట్టకుండా ఆఫీసరు భోజనానికి వెళ్ళబోతే టీచరు తలుపుకి అడ్డంగా నిలబడింది. సంతకం పెట్టాడు. బీరువాలో పోయినేటి కట్ట దొరికింది, దానిలోనూ తొమ్మిదిమంది తేలారు. వాళ్ళలో ఇద్దరికి ఈలోగా నలభై అయిదు దాటిపోయింది. అంతకు ముందు రెండేళ్ళ పేపర్లు అడిగితే, ఏడాది దాటగానే కాల్చేస్తామన్నారు.

“ఎక్కడ?”

“లాండ్రీ బాయిలర్లోనేనండీ,” అన్నాడు గుమాస్తా.

టీచరు ఆ జాబితా పట్టుకుని లాండ్రీకి వెళ్ళింది. పదేళ్ళుగా ఈ ఆసుపత్రిలో పాఠాలు చెబుతున్నా ఆ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. లోపల ఆవిరి, చెవులు చిల్లులు పడే డ్రమ్ముల మోత, నడుం ఎత్తు తోపుడు బళ్ళలో మరకల దుప్పట్లు. అరవకపోతే వినపడదు. అరవడం ఆవిడకి వచ్చిన పనే. జరిగిందంతా మొదటినుంచీ చెప్పింది. కార్డు తనదని చెప్పింది. గుర్తు పెట్టనిది తనేనని చెప్పింది. తిట్టినవన్నీ తప్పని చెప్పింది. ఒక్కొక్కరుగా యంత్రాలు ఆపుకుంటూ వచ్చారు.

దుప్పట్లక్క చేతిలో దుప్పటి అలాగే ఉంది.

“నలభై రెండాండీ?”

“నలభై రెండు.”

“పోయినేడు?”

“ముప్పై తొమ్మిది.”

“అంతకు ముందు రెండూ?”

“కాల్చేశారు.”

ఆమె బాయిలర్ వైపు చూసింది. ఏడవలేదు, దణ్ణం పెట్టలేదు. క్లాసులో ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తింది.

“ఆ గుమాస్తాకి నేనెవరో తెలీదు. ఆఫీసరుగారికీ తెలీదు. వాళ్ళు కార్డుని నమ్మారంటే నమ్మారు. మీకు నేను తెలుసు కదండీ. రోజూ గంటన్నర మీ ఎదురుగా కూర్చున్నానే. నేను చెప్పిన మాటే పక్క బ్యాచిలో చెప్పారట, అదీ విన్నాను. అంత తెలిసిన మీరు నన్ను నమ్మలేదేం? పోస్టు ఇస్తారు, చేస్తాను. సంతోషంగానే చేస్తాను. కానీ దానికేం చెప్పను?” అని మడతల బల్ల వైపు చెయ్యి చూపించింది.

బల్ల దగ్గర ఇరవై ఏళ్ళ అమ్మాయి దుప్పట్లు మడతపెడుతోంది. యంత్రాలన్నీ ఆగినా ఆ చేతులు ఆగలేదు.

“మా అమ్మాయి. రెండేళ్ళ కిందట కాలేజీలో చేరతానని ఏడిచింది. నాకప్పుడు రెండుసార్లూ పన్నెండే వచ్చాయి. మన బుర్రలకి చదువు ఎక్కదే, నన్ను చూసి తెలుసుకో అని తీసుకొచ్చి ఇక్కడ పెట్టాను. నా చేతులతో నేనే పెట్టాను.”

టీచరుకి తల కొట్టేసినట్టయింది. అయినా బల్ల దగ్గరికి నడిచింది. “అమ్మా, రేపట్నుంచి రెండున్నరకి క్లాసుకి రా. నేను చెబుతాను. కాలేజీకి దరఖాస్తు కూడా నేనే రాయిస్తాను.”

ఆ అమ్మాయి తలెత్తలేదు. “మా అమ్మకి ఇంగ్లీషు వచ్చని నాకెప్పుడో తెలుసండీ. ఇంట్లో పని చేసుకుంటూ వాక్యాలు చెబుతుంటే వినే కదా నాకూ వచ్చింది. ఆ పన్నెండు మార్కులు చూసినప్పుడే, ఎవరో తప్పు దిద్దారే అమ్మా, వెళ్ళి అడుగు అన్నాను.”

“మరి?”

“‘తప్పుంటే మేడమ్‌గారు ఊరుకుంటారా, ఆవిడ కోపం సంగతి నీకు తెలీదు’ అందండీ.”